సైకిల్లో మోగిన సన్నాయి

శనివారం ఉదయం ఏడు గంటలకు గురుప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కూతురి కొత్త సైకిల్‌కి గేరు వైరు ఎక్కించడం, ఇడ్లీ తినడం. ఇడ్లీలు ఉడికేలోపు వైరు పని అయిపోతుందని అతని అంచనా. రాజాం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పదహారేళ్ళుగా మెకానికల్ పాఠాలు చెబుతున్నవాడు కాబట్టి ఆ అంచనాను ఇంట్లో ఎవరూ ప్రశ్నించలేదు. ప్రశ్నించి ఉంటే బాగుండేదని తర్వాత అతనే చాలామందితో అన్నాడు.

అది కొండదారుల్లో తొక్కే సైకిల్. విడి భాగాలుగా పెట్టెలో వచ్చింది. విజయనగరంలో ఏ షాపువాడైనా ఒక్క పూటలో బిగించి ఇచ్చేవాడు. "షాపోడెందుకే, నేనున్నాను గదా!" అన్నాడు గురుప్రసాద్ కూతురు సంహితతో. వారం రోజులు కుస్తీ పట్టి చక్రాలు, చైను, బ్రేకులు బిగించాడు. ఆ ఊపులో పిల్ల పాత సైకిల్‌ని గురువారమే పక్క వీధివాళ్ళకి ఇచ్చేశాడు. ఆదివారం రామతీర్థంలో పిల్లల సైకిల్ పోటీ ఉంది. దానికోసం సంహిత రెండు నెలలుగా పొద్దున్నే లేచి తొక్కుతోంది. ఇక మిగిలింది గేరు వైరు ఒక్కటే.

ఈ రకం సైకిల్‌కి ఆ వైరు బయటికి కనిపించదు. హ్యాండిల్ దగ్గర ఫ్రేము బెజ్జంలోంచి లోపలికి వెళ్ళి, వెనక చక్రం దగ్గర ఇంకో బెజ్జంలోంచి బయటికి రావాలి. దారి తప్పకుండా కంపెనీవాళ్ళు లోపల సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి పెట్టి పంపారు. గురుప్రసాద్ దాన్ని ప్యాకింగ్ సామాననుకుని శుక్రవారమే లాగి చెత్తబండిలో వేశాడు. అదెందుకో శనివారం ఏడున్నరకి ఫోన్లో వీడియో చూశాక తెలిసింది.

"పారేసినోడికి పీజీ కూడా ఉన్నాది" అని తనని తానే తిట్టుకున్నాడు.

వైరు సులువుగానే లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు. తీసి మళ్ళీ తోశాడు. ఎనిమిదోసారి తోస్తుంటే లోపల ఏదో గలగలమంది. లోపల నట్టు పడిపోయిందనుకున్నాడు గురుప్రసాద్. వారం రోజుల్లో బిగించినవన్నీ అరగంటలో ఊడదీశాడు. భార్య విశాలిని పిలిచాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని ఫ్రేముని తిరగేసి దులిపారు. పచ్చటి బియ్యం రాలాయి.

"ఏటండీ ఇది, సైకిల్లో అక్షింతలు?" అంది విశాలి.

గుమ్మం దగ్గర పేపరు చదువుకుంటున్న గురుప్రసాద్ తండ్రి అప్పలనరసింహం తలెత్తాడు. గుడిలో నలభై ఏళ్ళు సన్నాయి వాయించి, మూడేళ్ళ కిందట ఊపిరి అలిసి మానేసిన మనిషి. "నేనే ఏశాన్రా. కొత్త బండి గదా, పూజ సెయ్యకుండా పిల్లెలా ఎక్కుతాది? పైన ఏస్తే రాలిపోతన్నాయని ఆ బెజ్జంలో నాలుగు ఏశాను."

ఆయన నాలుగంటే గుప్పెడని ఇంట్లో అందరికీ తెలుసు.

బియ్యం పోయినా వైరు రాలేదు. వీడియోలో ఇంకో చిట్కా ఉంది. ఒక బెజ్జంలో దారం పెట్టి, రెండో బెజ్జం దగ్గర మిషన్‌తో గాలి పీలిస్తే దారం బయటికి వస్తుందట. ఇంట్లో పీల్చే మిషన్ లేదు. ఊదడానికి మాత్రం తండ్రి ఉన్నాడు. పీల్చినా ఊదినా గాలి గాలేనని గురుప్రసాద్ ఒక సూత్రం కూడా చెప్పాడు.

"గాలి బయటికి పోకూడదంటే పీక పెట్టాలి" అన్నాడు అప్పలనరసింహం. పెట్టెలోంచి, నోట్లో పెట్టుకుని ఊదే సన్నాయి పీక తెచ్చి, దారం దూర్చిన బెజ్జంలో గుచ్చాడు. చుట్టూ చపాతీ పిండి మెత్తాడు. గుండెల నిండా గాలి తీసి ఊదాడు. దారం రాలేదు. ఫ్రేము మాత్రం "పీ" అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఇంకో బెజ్జం వేలితో మూసి మళ్ళీ ఊదాడు. స్వరం మారింది. "ఒరే గురూ, శృతి బాగున్నాదిరా!" అంటూ బాసింపట్టు వేసుకుని, ఫ్రేముని ఒళ్ళో పెట్టుకుని మంగళవాద్యం అందుకున్నాడు. మూడేళ్ళ తర్వాత తండ్రి ముఖంలో ఆ వెలుగు చూసి గురుప్రసాద్‌కి ఆపమనడానికి నోరు రాలేదు.

పది నిమిషాల్లో ఎదురింటావిడ తాతమ్మ పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమల పళ్ళెంతో వచ్చింది. "ఒసే విశాలీ, ఎదురుగా ఉన్నోల్లం, మాకు సెప్పకుండా శుభకార్యం సేసీసుకుంతన్నారేటే?"

"శుభకార్యం కాదు పిన్నీ, గేరు వైరు."

"సెప్పడం ఇష్టం లేకపోతే మానీ. వైరుకెవలైనా సన్నాయి పెడతారేటి?"

వెనకాలే మరో పదిమంది వచ్చారు. ఒకాయన పురోహితుడి కోసం వెతికాడు. శుభమా అని వచ్చినవాళ్ళని ఉత్త కడుపుతో పంపడం ఆ ఇంట్లో లేదు. ఉన్న ఇడ్లీలు అయిపోతే విశాలి ఉప్మా కలిపింది. గురుప్రసాద్ పక్కింటి నుంచి కుర్చీలు మోసుకొచ్చాడు. "నా సదువుకి ఇదే స్నాతకోత్సవం అనుకో" అన్నాడు భార్యతో. ఆమె నవ్వలేదు.

సంహిత ఊడిన చక్రాల పక్కన కూర్చుంది. "నాన్నా, రేపింక ఎల్లం గదా?" అంది మెల్లగా. ఆ మాటలో కోపం ఉండుంటే అతను తట్టుకునేవాడు. లేదు. గొప్పకి పోయి పిల్ల ఆశ మీద నీళ్ళు పోశానని అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చాడు రాంబాబు. పెళ్ళిళ్ళకి సీరియల్ లైట్లు కడతాడు, ఇళ్ళకి వైరింగ్ చేస్తాడు. "సన్నాయి ఇనబడ్డాది సార్. లైటింగు ఎవలికిచ్చారు?"

గురుప్రసాద్ సిగ్గు విడిచి ఫ్రేము అతని చేతిలో పెట్టాడు, జరిగింది చెప్పాడు. రాంబాబు బెజ్జంలోకి ఒక కన్ను పెట్టి చూశాడు. "గోడ పైపులో వైరు లాగడం లాంటిదే గద సార్." సంచీలోంచి పొడుగాటి స్ప్రింగు తీగ తీసి వెనక బెజ్జంలోంచి తిప్పుతూ తోశాడు. అది ముందు బెజ్జంలోంచి తల బయటపెట్టింది. వైరు దానికి కట్టి వెనక్కి లాగాడు. మొత్తం రెండు నిమిషాలు.

"మరి కాలేజీలో ఏటి సెప్తారు సార్?" అన్నాడు.

"ఇది తప్ప అన్నీ సెప్తాను తమ్ముడూ."

సాయంత్రానికి సైకిల్ మళ్ళీ సైకిలైంది. సంహిత వీధిలో గేర్లు మార్చుకుంటూ రెండు చుట్లు తిరిగొచ్చి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆదివారం పొద్దున్న రామతీర్థంలో పోటీ మొదలయ్యే గీత దగ్గర నిర్వాహకుడు ఆపాడు. "గేర్లు కుదరవు సార్. అందరికీ సమానంగా ఉండాలని ఫారంలో రాశాం గదా. మీరు సంతకం కూడా పెట్టారు."

ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయమని ఏటా విద్యార్థులకి చెప్పే గురుప్రసాద్ ఫారం వైపు చూశాడు. ఉంది. పెద్ద అక్షరాల్లోనే ఉంది.

"గేరు వైరు తీసీండి, గేర్లు మారవు, పాపని రానిస్తాం" అన్నాడు నిర్వాహకుడు.

అంటే శనివారం ఏడు గంటలకి, కాఫీ కూడా తాగకముందే, సైకిల్ పోటీకి సిద్ధంగా ఉంది. సంహితకి కూడా ఆ సంగతి అర్థమై పగలబడి నవ్వింది. "తీసీ నాన్నా!"

గురుప్రసాద్ ఒక బోల్టు వదులు చేసి వైరు లాగాడు. నాలుగు సెకన్లలో చేతికొచ్చింది. ఆ వేగం చూసి, ఫారం చదవని మిగతా తండ్రులంతా సైకిళ్ళతో వరస కట్టారు. "సార్, మాది కూడా తీసీరా? మీ సెయ్యి బలే సెయ్యి!" ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. గురుప్రసాద్ ఇంట ఓడి రచ్చ గెలిచాడు. పదకొండు సైకిళ్ళ వైర్లు లాగేసి, అందరి దండాలూ అందుకున్నాడు. సంహితకి మూడో బహుమతి వచ్చింది.

ఆ పదకొండు వైర్లూ మళ్ళీ లోపలికి ఎలా వెళ్తాయన్న అనుమానం ఎవరికైనా వచ్చేలోపు తండ్రీ కూతుళ్ళు నెల్లిమర్ల దాటేశారు.