పిచీకోలు ఎక్కిన గోల్‌కీపరు

సాన్ హువాన్ పండగ నాటి పొద్దున అదెల్మో అనుకున్న పని చాలా చిన్నది. తోటకి వెళ్ళి ఓ అరటిగెల కొట్టుకురావాలి. ఏట్లో మునగాలి. ఆకులో మూటగట్టి ఉడికించిన కోడి అన్నం తినాలి. మధ్యాహ్నం వెళ్ళి గోలులో నిలబడాలి. అంతే. మిగతా పండగ ఎవరెలా చేసుకున్నా అతనికి పట్టదు.

గోలు సంగతి మాత్రం బాగా పట్టింది. కిందటేడు ఇదే పండగకి సాన్ రోకే ఊరివాళ్ళు తన్నిన ఆఖరి బంతి ముసలి తాబేలులా దొర్లుకుంటూ వచ్చి అతని కాళ్ళ సందులోంచి పోయింది. అప్పటినుంచి ఏట్లో ఎదురుపడ్డ ప్రతి సాన్ రోకే వాడూ పడవలో లేచి నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి చూపించి మరీ పోయేవాడు. ఆ సన్నటి పడవల్లో అలా నిలబడితే తిరగబడి ఏట్లో పడతారు. పడేవాళ్ళు కూడా. అయినా మానలేదు.

"ఈసారి బంతి పోవాలంటే నా శవం మీంచి పోవాలి" అన్నాడు అదెల్మో, కత్తి నడుముకి దోపుకుంటూ.

"మీంచి ఎందుకు పోతుందిలే, కిందనుంచి పోవడం దానికి అలవాటేగా" అంది భార్య ఓర్ఫా. ఆమెకి నెలలు నిండాయి. తొలి కాన్పు. కదల్లేదు గానీ నోటికి ఆ ఇబ్బంది లేదు.

తోట గట్టు మీది చెట్టు నిండా పిచీకోలు దిగి ఉన్నాయి. పిచీకో అంటే దోసిట్లో పట్టే కోతి. తోక తీసేస్తే పెద్దగా ఏమీ మిగలదు. మూతి చుట్టూ తెల్లగా, పాలు తాగి తుడుచుకోవడం మరిచినట్టుంటుంది. మిగతా కోతులకి మనకున్నట్టే గోళ్ళు. దీనికి మాత్రం ఉడుత గోళ్ళు, వంకర తిరిగి వాడిగా ఉంటాయి. కన్నదంటే కవలల్నే కంటుంది. పుట్టింది మొదలు వాటిని మోసేది తండ్రి. పాలకి మాత్రం తల్లికి అందిస్తాడు, తాగగానే మళ్ళీ వీపుకెత్తుకుంటాడు. ఆ ఏటి ఒడ్డు ఆడవాళ్ళు మొగుణ్ణి తిట్టేటప్పుడు పిచీకో ప్రస్తావన లేకుండా తిట్టరు.

అదెల్మో గెల కొట్టి భుజాన వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నెత్తి మీద కొమ్మ ఫెళ్ళున విరిగింది. పిల్లల్ని మోస్తున్న తండ్రి పిచీకో పై కొమ్మ అందుకుంది గానీ, దాని వీపు మీది పిల్లల్లో ఒకటి జారి అదెల్మో మెడ మీద పడింది. పడ్డది పడ్డట్టే ఆ ఉడుత గోళ్ళతో జుట్టు పట్టుకుంది. లాగితే జుట్టొచ్చేలా ఉంది, పిల్ల వచ్చేలా లేదు.

సరే, దాని తండ్రే తీసుకుపోతుందిలే అని అదెల్మో గెల దించి, తల చెట్టు మానుకి ఆనించి నిలబడ్డాడు. తండ్రి పిచీకో పిట్టలా ఈల వేస్తూ దిగి వచ్చింది. అతన్ని ఎగాదిగా చూసింది. వాటి గుంపులో పిల్లల్ని మోయడానికి ఎవరు సాయం వచ్చినా కాదనరు. అది నెమ్మదిగా వీపు తిప్పింది. రెండో పిల్ల కూడా అదెల్మో మెడ మీదికి మారింది. తండ్రి ఒళ్ళు విరుచుకుని, కొమ్మెక్కి తీరిగ్గా కాయ ఒలుచుకుంది.

"ఓయ్, ఇదెక్కడి న్యాయం?" అన్నాడు అదెల్మో.

మెడ మీంచి వెచ్చగా ఏదో కిందికి కారింది.

ఇంటికొచ్చేసరికి మెట్ల దగ్గర అత్తగారు దోన్యా కుస్తోదియా నిలబడి ఉంది. ఆమె ఆ ఊరి మంత్రసాని. అదెల్మో పులికి భయపడడు. ఏట్లో మొసలికి భయపడడు. ఆ ధైర్యమంతా అత్తగారి కోసం దాచుకుంటాడు గానీ, ఆవిడ కనపడగానే దాచిన చోటు మర్చిపోతాడు.

"ఏంటది మెడ మీద?"

"ఏం లేదత్తా."

"ఏమీ లేనిదానికి రెండు తోకలెందుకున్నాయి?"

అదెల్మో వెనక్కి తిరగక తప్పలేదు. చూసిన ఆవిడ గుండెలు బాదుకుంది. "కుతీపా! కొంపలు ముంచావు కదయ్యా అల్లుడూ! కుతీపా పడుతుంది బిడ్డకి!"

కడుపుతో ఉన్నదాని మొగుడు ఏ జంతువుని ముట్టుకుంటే దాని గుణం పుట్టే బిడ్డకి అంటుకుంటుంది. అదే కుతీపా. ఆ ఏటి పొడుగునా ఇది తెలియనివాళ్ళు లేరు. కాదనడానికీ లేదు. వెనకటికి తాబేలుని ముట్టుకున్న ఒకాయన కొడుకు ఇవాళ పట్నంలో ప్రభుత్వోద్యోగం చేస్తున్నాడు.

"ఇక పుట్టేది కవలలే" అంది అత్తగారు. "సరే, ఇద్దరైతే ఇద్దరు, పెంచుకుంటాం. ఆ గోళ్ళ సంగతేంటి? ఉడుత గోళ్ళతో పుడితే పాలెవరిస్తారు? నువ్విస్తావా?"

"ఇచ్చినా ఇస్తాడమ్మా, ఆ ఒళ్ళు చూడు" అంది ఓర్ఫా లోపల్నుంచి.

"నువ్వు నోర్మూసుకో. అల్లుడూ, విను. ఆ కోతి వెంట్రుకలు కాల్చి ఓర్ఫాకి పొగ వెయ్యాలి. ఈ పిల్లకోతుల నూగు పనికిరాదు, వాటి బాబుది కావాలి. నే తెస్తా. అందాకా ఊయలలోంచి నువ్వు కదలకూడదు. దూకకూడదు, చేతులు చాపకూడదు, గట్టిగా అరవకూడదు. నువ్వేం చేస్తే లోపల బిడ్డ అదే చేస్తుంది. నువ్వు దూకావంటే అది అడ్డం తిరుగుతుంది."

"అత్తా, మధ్యాహ్నం మ్యాచ్ ఉంది."

"గోలులో నువ్వు చేసేదేంటి?"

"దూకుతాను. చేతులు చాపుతాను."

"కిందటేడు అవేవీ చేసినట్టు లేవే" అంది ఓర్ఫా.

అదెల్మో ఊయలలో పడుకున్నాడు. మ్యాచ్ ఎంత ముఖ్యమైనా, బిడ్డ అడ్డం తిరుగుతుందంటే ఏ మగాడు కాలు కదుపుతాడు? అత్తగారు బొప్పాయి పండొకటీ చేపలు పట్టే విసురు వలా పట్టుకుని కోతి వేటకి బయల్దేరింది. ఓర్ఫా వెనకవైపు దోమతెరలో కునుకు తీసింది. పిల్లకోతులు రెండూ మెడ దిగి, అదెల్మో రొమ్ము మీద గుడ్డ కింద చేరి, తలలు మాత్రం బయట పెట్టి నిద్రపోయాయి.

అప్పుడొచ్చింది పక్కింటి తర్సీలా, పొయ్యిలోకి నిప్పు కోసం. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకి లోపలంతా మసకగా ఉంది. ఊయలలో అదెల్మో. అతని రొమ్ము మీద గుడ్డలో చుట్టిన రెండు చిన్న తలలు. తెర వెనక అలిసి నిద్రపోతున్న ఓర్ఫా. తర్సీలాకి నిప్పు అక్కర్లేకపోయింది.

"ఇద్దరు! ఇద్దరు పుట్టారు! ఇద్దరివీ తండ్రి పోలికలే!" అని వీధి పొడుగునా ఆమె గొంతు వినిపించింది.

ఊళ్ళో మసాతో కుండలు పండగ సాయంత్రానికని దాచారు. కవలలంటే సాయంత్రం దాకా ఎవరు ఆగుతారు? ఆ కర్రపెండలం కల్లు అప్పుడే ముంచి పోశారు. బాలింతరాలి నిద్ర చెడకూడదని ఆడవాళ్ళు చప్పుడు చెయ్యకుండా కానుకలతో మెట్లెక్కారు. కాళ్ళు కట్టిన కోడిపెట్టలు, కొత్త దోమతెర, అన్నం మూటలు ఇంటినిండా పేరుకున్నాయి.

"పుట్టలేదు" అన్నాడు అదెల్మో గుసగుసగా. అరిస్తే బిడ్డకి మంచిది కాదు.

"పాపం, ఇంకా నమ్మలేకపోతున్నాడు" అనుకున్నారు ఆడవాళ్ళు.

"కోతులవి."

"తప్పు నాయనా, కన్నబిడ్డల్ని అలా అనకూడదు. కొందరికి మొదట్లో నూగు ఉంటుంది, రాలిపోతుంది."

సాన్ రోకే పడవ ఒడ్డుకి చేరేసరికి వార్త రేవులోనే ఎదురొచ్చింది. వాళ్ళ జట్టు పెద్ద ఎలాదియో మర్యాదస్థుడు. పురిటింటికి వచ్చి టోపీ తీసి లోపలికి తొంగిచూశాడు. అతని చూపు అదెల్మో కాళ్ళ సందు దాకా వెళ్ళి మర్యాదగా వెనక్కొచ్చింది.

"శుభం బావా, శుభం. పిల్లలు... అంటే... హుషారుగా ఉన్నారు."

నిద్ర చెడిన ఒక పిల్ల అతన్ని చూసి మూతి సాగదీసి ఇకిలించింది.

"పళ్ళు కూడా వచ్చేశాయా!" అన్నాడు ఎలాదియో. రొమ్ము మీద శిలువ గీసుకుని, మెట్లన్నీ ఒక్క అంగలో దిగి, తనవాళ్ళతో చెప్పాడు. "వాళ్ళ గోల్‌కీపరు పురిట్లో ఉన్నాడు. మ్యాచ్ మనదే. పిల్లల గురించి మాత్రం నన్నేమీ అడక్కండి."

ఓర్ఫాకి అన్న రుస్బెర్. వాళ్ళ ఊరు తమిషి జట్టుకి అతనే నాయకుడు. మైదానంలో బూడిదతో గీతలు వేస్తున్నవాడు వార్త విని పరుగెత్తుకొచ్చాడు. ఊయల దగ్గరికొచ్చి చూశాడు. గుడ్డ ఎత్తి మళ్ళీ చూశాడు.

"బావా, ఇవి కోతులు."

"పొద్దున్నించి నేను చెప్పేదీ అదే."

"మరి చెల్లి?"

"పడుకుంది. ఇంకా ఏమీ పుట్టలేదు."

రుస్బెర్ తల పట్టుకుని కూలబడ్డాడు. "ఊరంతా మీ కవలల పేరు చెప్పి తాగేస్తున్నారు కదా! నా జట్టులో సగం మంది అప్పుడే పాటలందుకున్నారు. వెనకాల కాసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు, ఆనందంతో. గోలులో నువ్వైనా లేకపోతే సాన్ రోకే వాళ్ళు బంతిని నడిపించుకుంటూ తీసుకుపోతారు. లే బావా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"దూకితే బిడ్డ అడ్డం తిరుగుతుందట."

"దూకకు! ఊరికే నిలబడు!"

"కిందటేడు ఊరికే నిలబడితే ఏమైందో చూశావుగా" అన్నాడు అదెల్మో. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడాదిగా తెల్లవారకముందే లేచి, ఒడ్డున ఇసకలో ఒంటరిగా దూకి దూకి నేర్చుకున్నాడు. ఆ దూకుళ్ళన్నీ ఊయలలో పడుకుని ఉన్నాయి.

ఇంతలో తాటాకు కప్పు మీద గలాటా అయింది. పిల్లల్ని వెతుక్కుంటూ తండ్రి పిచీకో కప్పు సందులోంచి లోపలికి దూరింది. దాని వెనకే మెట్లెక్కి, ఆయాసపడుతూ, వల చేతిలో పట్టుకుని దోన్యా కుస్తోదియా వచ్చింది. జుట్టునిండా ఆకులు. బొప్పాయి మిగల్లేదు, కోతి తినేసింది.

"కదలకండి ఎవరూ!" అని, నడుము తిప్పి వల విసిరింది.

విసరడం మాత్రం చూడముచ్చటగా విసిరింది. ఏట్లో అయితే రేవుకి సరిపడా చేపలు పడేవి. ఇక్కడ రుస్బెర్ పడ్డాడు, కానుకల కోళ్ళన్నీ పడ్డాయి, ఊయలా అదెల్మో పడ్డారు, సందేహం తీర్చుకుందామని రెండోసారి వచ్చిన తర్సీలా కూడా పడింది. కోతి దూలం మీదే ఉంది. కోళ్ళు అరిచాయి. రుస్బెర్ తన్నుకున్నాడు. "అమ్మా, నేనమ్మా!" అంటున్న కొడుకు నెత్తిన దోన్యా కుస్తోదియా తెడ్డుతో ఒకటి వేసింది.

ఆ రభసకి ఓర్ఫా దోమతెర ఎత్తి చూసింది. తల్లి వల లాగుతోంది. వలలో మొగుడూ, అన్నా, పక్కింటావిడా, కోళ్ళూ. ఆమెకి నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. వెల్లకిలా పడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆపింది.

"అమ్మా" అంది. "వచ్చేలా ఉంది."

దోన్యా కుస్తోదియా వల వదిలేసింది. ఆ క్షణం నుంచి ఆమెకి కోతి లేదు, కుతీపా లేదు, చేతిలో పని ఒక్కటే. తర్సీలాని వలలోంచి లాగి నీళ్ళు కాచమంది. కొడుకుని మెట్ల కిందికి తరిమింది. అల్లుణ్ణి వలలోనే ఉంచింది.

అవతల మైదానంలో మ్యాచ్ మొదలైంది. కేకలు వినపడుతున్నాయి. కాసేపటికి రుస్బెర్ ఆట మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి మెట్ల కిందనుంచి, "బావా, ఒకటి పడింది!" అన్నాడు. అదెల్మో కళ్ళు మూసుకున్నాడు. ఇంకాసేపటికి, "బావా, మనం కూడా ఒకటి వేశాం! సమానం! నువ్వొస్తే చాలు!" అన్నాడు. అదెల్మో ఊపిరి కూడా వదలకుండా బిగబట్టాడు.

తెర వెనక నుంచి ఏడుపు వినిపించింది. ఒక్క గొంతే. అయితేనేం, ఇల్లంతటికీ సరిపోయింది. ఆ ఏడుపుకి పిచీకో పిల్లలు రెండూ అదిరిపడి కీచుమన్నాయి. తండ్రి పిచీకో దూలం దిగి వచ్చి, వల పక్కన వీపు తిప్పి నిలబడింది. పిల్లలు ఒకదాని వెనక ఒకటి వల సందులోంచి దూరి దాని వీపెక్కాయి. ముగ్గురూ కప్పు సందులోంచి వెళ్ళిపోయారు.

దోన్యా కుస్తోదియా అన్నిటికంటే ముందు బిడ్డ గోళ్ళు చూసింది. వెలుగులోకి తెచ్చి మళ్ళీ చూసింది. "మనిషి గోళ్ళే" అంది, కొంచెం నిరాశగా. "ఒక్కతే. ఆడపిల్ల. అల్లుడూ, ఇక నీ ఇష్టం. దూకు, గెంతు, గోల చెయ్యి. ఒక్క నిమిషం దీన్ని పట్టుకో, చేతులు కడుక్కుంటా" అంటూ వల అంచు ఎత్తి బిడ్డని అతని రొమ్ము మీద పెట్టింది.

రుస్బెర్ మెట్లెక్కి వచ్చి వల విప్పాడు. "లే బావా! పరుగెత్తు! సగం ఆట ఇంకా ఉంది."

అదెల్మో లేవలేదు. బిడ్డ అతని వేలు పట్టుకుని ఉంది. ఉడుత గోళ్ళు కావు, గుచ్చుకోలేదు. ఊడదీస్తే వచ్చేస్తుంది. అతను ఊడదీయలేదు.

"బావా?"

"నువ్వెళ్ళు."

"ఏడాదంతా ఈ రోజు కోసం కాదూ నువ్వు చచ్చింది!"

"మెల్లిగా మాట్లాడు. పడుకుంటోంది."

"ఇటియ్యి నాయనా, నేను ఎత్తుకుంటా" అంది అత్తగారు చేతులు తుడుచుకుంటూ.

"ఇవ్వను" అన్నాడు అదెల్మో. ఆవిడతో అలా అనడం అతని జీవితంలో అదే మొదలు. "పాలకి ఓర్ఫాకిస్తా. తాగగానే నాకిచ్చెయ్యాలి."

దోన్యా కుస్తోదియా అల్లుణ్ణి చూసింది. ఏడుపు మొహం పెట్టిన కొడుకుని చూసింది. లంగా ఎత్తి నడుముకి దోపుకుంది.

"ఆ గోలులోకి వచ్చేదాన్ని పట్టుకోవాలి, జారవిడవకూడదు. అంతేనా?"

"అంతే గానీ అమ్మా, నువ్వు..."

"ఇన్నేళ్ళుగా నా చేతుల్లోంచి ఏదీ జారలేదు. పద."

గోలులో ఆవిడ నిలబడగానే సాన్ రోకే వాళ్ళు నవ్వారు. ఎలాదియో బంతి తీసుకుని దూసుకొచ్చాడు. ఆవిడ కదల్లేదు. "ఒరే ఎలాదియో" అంది. "నువ్వు కాళ్ళతో ముందు పుట్టావు. ఆ కాళ్ళు పట్టుకుని లాగి, తలకిందులుగా వేలాడదీసి, పిర్ర మీద కొట్టి ఏడిపించింది నేనే. ఏదీ, ఆ కాలితోనే తన్ను చూద్దాం."

ఎలాదియో కాలు గాల్లో ఆగింది. బంతి తనంతట తనే దొర్లుకుంటూ ఆవిడ చేతుల్లోకి వెళ్ళింది. తర్వాత వచ్చినవాణ్ణీ, ఆ తర్వాత వాణ్ణీ ఆవిడ పేరు పెట్టి పలకరించింది. ఏటికి పైనా కిందా ఆవిడ పిర్ర మీద కొట్టనివాడు ఆ జట్టులో లేడు. వాళ్ళు బంతి తన్నడం మానేసి ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. చివర్లో పాట పాడుతున్న తమిషి వాడొకడికి బంతి తగిలి అవతలి గోలులో పడింది. తమిషి గెలిచింది.

మరుసటి ఏడు పండగకి కూతురు నడక నేర్చింది. ఇక చేతులు ఖాళీ, గోలులో నిలబడతానని అదెల్మో కబురు పెట్టాడు. అక్కడ ఖాళీ లేదన్నారు.