కదిలించకండి, పనిలో ఉన్నారు

కంప్యూటర్ మీద ఆడేది ఆట కాదనీ, కన్సోల్ మీద ఆడేది మాత్రం ముమ్మాటికీ ఆటేననీ మా ఎదురింటివారు గత ఆదివారం ఉదయం ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆటను ఆట అంటే తప్పేముందని మీరు అడగవచ్చు. పేరున్న అన్న, పేరు రాని తమ్ముడు ఒకే కప్పు కింద ఉన్న ఇళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

అన్నగారు తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారి. తక్కెడ కనిపిస్తే ముల్లు చూస్తారు, డబ్బా కనిపిస్తే అడుగు చూస్తారు, మనిషి కనిపిస్తే హోదా చూస్తారు. తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఊరందరినీ పైకి చేర్చేవాడు తాను మాత్రం పైకి రాలేదని వాళ్ళమ్మగారి బాధ. ఆ అమ్మగారు ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేశారు. బడి వదిలారు గానీ బెత్తం చూపు వదల్లేదు. ఇంట్లో ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో ఇప్పటికీ ఆవిడే మార్కులు వేస్తారు. అన్నగారి భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనుషుల లోపల ఏముందో రోజూ చూస్తుంది గనక ఇంట్లో పెద్దగా నోరు మెదపదు. వీరి కూతురు ఈ ఏడే రెండో తరగతి గట్టెక్కింది. దాన్ని ఇంటిల్లిపాదీ పిడుగు అంటారు.

టీవీకి తగిలించి ఆటలాడే తమ్ముడి కన్సోల్ పెట్టె హాల్లో టీవీ కింద ఉండేది. కన్సోల్ అంటే ఇంగ్లీషులో ఓదార్చడమని కూడా ఒక అర్థం ఉంది గానీ, దాన్ని చూసినప్పుడల్లా వాళ్ళమ్మగారినే ఎవరో ఒకరు ఓదార్చాల్సి వచ్చేది. వాడు పని నుంచి వస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు, మీట నొక్కుతాడు, ఆడతాడు. గెలిస్తే నవ్వుతాడు, ఓడితే మరీ నవ్వుతాడు. ఆకలేస్తే ఆపేసి అన్నం తింటాడు. ఇందులోని అనాగరికత పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నొక్కగానే మొదలయ్యే వస్తువులో మనిషి ప్రయోజకత్వం చూపించడానికి చోటేదీ? పైగా టీవీ హాల్లో ఉంది. వాడు ఆడుతున్న సంగతి చుట్టపుచూపుగా వచ్చినవారి దగ్గర్నుంచి నీళ్ళ మీటరు చూడటానికి వచ్చిన మనిషి దాకా అందరికీ కనిపిస్తుంది. మొహాన సంతోషం కూడా కనిపిస్తుంది. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

అన్నగారిది కంప్యూటర్. దాన్ని మూలగదిలో, మానిటర్ వీపు గుమ్మం వైపు ఉండేలా ప్రతిష్ఠించారు. కాబట్టి గుమ్మంలో నిలబడినవారికి తెర కనిపించదు, తెర పైన ఆయన కనుబొమలు మాత్రం కనిపిస్తాయి. అవి ఏదో రహస్యం మాట్లాడుకుంటున్నట్టు దగ్గరదగ్గరగా ఉంటాయి. అమ్మగారు కాఫీ తెచ్చి, చప్పుడు కాకుండా పెట్టి, వచ్చినంత మెల్లగా వెనక్కి నడుస్తారు. హాల్లోకి వచ్చాక "కదిలించకండి, పెద్దోడు పనిలో ఉన్నాడు" అని ప్రకటిస్తారు. కొందరు ఆటగాళ్ళు కన్సోల్‌ని కాదని కంప్యూటర్‌నే ఎందుకు కోరుకుంటారన్న దానిమీద లోకంలో చాలా చర్చలు నడుస్తున్నాయట. ఆ చర్చించేవాళ్ళను ఒక్కసారి ఆ గుమ్మంలో నిలబెడితే చాలు, ఇళ్ళకు వెళ్ళిపోతారు.

అలాగని అన్నగారు గదిలో దొంగచాటుగా ఆడుతున్నారని అనుకుంటే మీరు ఆయనకు ఘోరమైన అన్యాయం చేసినవారవుతారు. ఆయన ఆడరు. ఆడటానికి సిద్ధం చేస్తారు.

ఆ సిద్ధం చేయడం సామాన్యమైన విషయం కాదు. ఆ యంత్రానికి ఒక పక్క గాజు పలక, లోపల సర్కసు గుడారంలా రంగురంగుల దీపాలు. శాఖలో ఆయనకు అభిమానులు ఎవరూ లేరు గానీ, ఆ పెట్టెలో మాత్రం అరడజను ఫ్యాన్లు ఆయన కోసమే తిరుగుతుంటాయి. ఇంట్లో కారు లేదు, ఆ యంత్రం భాగాలను నడిపించే సాఫ్ట్‌వేర్ డ్రైవర్లు మాత్రం వారం వారం మారతారు. కొత్త డ్రైవరు రాగానే ఉన్న పని చెడుతుంది. అప్పుడు పాత డ్రైవరునే బతిమాలి వెనక్కి తెచ్చుకుంటారు. చేతి కింద ఎలుక, దాని ఒంటినిండా మీటలు. ఏ మీటకు ఏ పని అప్పగించాలో నిర్ణయించడానికి పోయిన చలికాలం సరిపోయింది. ఏ మీటకు ఏం అప్పగించారో గుర్తుచేసుకోవడం వచ్చే చలికాలం కార్యక్రమం. ఇక ఆటలంటారా, తగ్గింపు ప్రకటించినప్పుడల్లా కొంటూనే ఉంటారు. కొని వరసలో పెడతారు, తర్వాత ఆ వరస సరిచేస్తారు. చదవని పుస్తకాలతో అలమారా నింపుకున్న పెద్దలు ఇక్కడ నవ్వకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది తెర పైమూలన ఒక చిన్న అంకె. సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతున్నాయో అది చెబుతుంది. ఆ బొమ్మలను ఫ్రేములంటారు. జీవితమంతా తక్కెడ ముల్లు చూసిన కళ్ళకు ఆ అంకె దొరకడం ఎలాంటి అదృష్టమో ఊహించండి. అది దొరికిన రోజు నుంచి ఆయన మిగతా తెర చూడటం మానేశారు.

వ్యవహారం ఇంత సజావుగా సాగుతుండగా పిడుగుకి ఒక కోరిక పుట్టింది. సెలవుల మొదటి రోజున వాళ్ళ నాన్న ఒక పడవ ఆట కొన్నారు. కారుతున్న పడవ, నడిసముద్రం. ఒకరు తెడ్డు వేయాలి, ఒకరు నీళ్ళు తోడాలి. ఇద్దరిలో ఎవరు ఆగినా పడవ మునుగుతుంది. అదే ఆట బాబాయి కన్సోల్‌లోనూ ఉంది. వాడు రమ్మంటే పిల్ల ఒప్పుకోలేదు.

"ఊహూఁ. మొదటిసారి నాన్నతోనే. నాన్న మాటిచ్చాడు బాబాయ్."

మాటిచ్చిన మాట నిజమే. సెలవులు అయ్యేలోగా ఆడదామన్నారు. పిల్ల రోజూ గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

"నాన్నా, అయిందా?"

"అవుతోంది తల్లీ. నీళ్ళు సరిగ్గా మెరవట్లేదు."

మర్నాడు మళ్ళీ వచ్చేది.

"నీళ్ళు మెరిశాయా నాన్నా?"

"మెరిశాయి గానీ నీడలు ఆలస్యంగా పడుతున్నాయి."

హాల్లోంచి తమ్ముడు కేకేసేవాడు. "అన్నయ్యా, మునిగిపోయే పడవలో నీడెందుకు? టోపీ పెట్టుకుని దిగండి!"

"వాడి మాటలు పట్టించుకోకమ్మా" అనేవారు అన్నగారు. "వాడిది ఎవరో వండి పెట్టింది తినే రకం. మనది వండుకునే రకం."

"మరి ఎప్పుడు తింటాం నాన్నా?" అనేది పిడుగు. అప్పటికి కొత్త డ్రైవరు వచ్చి ఉండేవాడు.

అలా సెలవులు అయిపోవచ్చాయి. ఆఖరి ఆదివారం పొద్దున్నే అమ్మగారు హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. రేపట్నుంచి బడి. చదువుకునే పిల్ల ఉన్న ఇంట్లో రెండు యంత్రాలు తగవని, ఏది ఉండాలో ఏది అటకెక్కాలో ఇప్పుడే తేలాలని ఆవిడ సెలవిచ్చారు. ముందుగా అన్నగారు లేచి, గొంతు సవరించుకున్నారు.

"ఈ సభ ముందు నేను మనవి చేసేది ఒక్కటే. కంప్యూటర్ అంటే స్వేచ్ఛ. భాగం పాతబడితే మార్చుకోవచ్చు. బొమ్మ నచ్చకపోతే దిద్దుకోవచ్చు. నిన్నటి ఆట నేడూ నడుస్తుంది. ఎలుకతో పెట్టిన గురి కన్సోల్ చేతిపిడి మీది గుండ్రటి పుల్లలతో కుదిరేది కాదు. అవసరమైతే ఇదే యంత్రం మీద శాఖ నివేదికలు కూడా తయారుచేయవచ్చు. కన్సోల్‌లోనో? అంతా ఎవరో ముందే నిర్ణయించేశారు. మన చేతిలో మిగిలింది ఏమిటి? ఆడుకోవడం! కేవలం ఆడుకోవడం!"

ఆ చివరి మాటకు అమ్మగారు కళ్ళు మూసుకున్నారు.

"ఏమండీ" అంది ఎక్స్‌రే ఇల్లాలు, చాలా రోజుల తర్వాత. "ఇంతకీ దాంట్లో మీరు ఏ ఆటైనా పూర్తిచేశారా?"

"పూర్తిచేయడమా? అది కన్సోల్ వాళ్ళ దృక్పథం" అన్నారు అన్నగారు, జాలిగా.

"నువ్వేమంటావురా చిన్నోడా?" అడిగారు అమ్మగారు.

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "అనేదేముందమ్మా. ఆడితే సరదాగా ఉంటుంది. అంతే."

"సరదా!" అన్నారు అమ్మగారు. "విన్నారుగా. నేను చెప్పడం కాదు, వాడి నోటితోనే వచ్చింది."

ముద్దాయి నేరం ఒప్పుకున్నాక విచారణ ఎందుకు? తీర్మానం నెగ్గింది. వస్తువులను పైకి చేర్చడం వాడి వృత్తే గనక నిచ్చెన వేసే పని కూడా తమ్ముడికే అప్పగించారు. ఇంట్లో ఆట అక్షరాలా అటకెక్కింది.

పిడుగు మాత్రం ఏడవలేదు. భోజనాలు కాగానే స్టూలు లాక్కుని వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది. "ఇవాళ ఆఖరు నాన్నా" అంది. ఆయన యంత్రం ఆన్ చేశారు. యంత్రం తనను తాను మెరుగుపరచుకుంటున్నాననీ, దయచేసి ఆపవద్దనీ తెర మీద విన్నవించుకుంది. అది మెరుగుపడేసరికి పిల్లకి ఒక నిద్ర అయింది. లేచేసరికి, నిజంగానే, సముద్రం సిద్ధంగా ఉంది.

పిడుగు తోడటం మొదలుపెట్టింది. రెండు చేతులతో, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి తోడింది. అలలు వచ్చాయి. పడవ ఒరిగింది.

"నాన్నా, తెడ్డు వెయ్యి! కుడి పక్క రాయి!"

"నూట నలభై నాలుగు!" అని అరిచారు అన్నగారు.

"ఏంటి?"

"అంకె చూడమ్మా, పైన మూల! ఇంత అల వచ్చినా పడిపోలేదు!"

"నాన్నా, మునిగిపోతున్నాం!"

పడవ మునిగిపోయింది. చివరి బుడగ దాకా మునిగిపోయింది. అన్నగారి కళ్ళు చెమర్చాయి.

"ఎంత నున్నగా మునిగిందో చూశావా తల్లీ! ఒక్క కుదుపు లేదు. మీ బాబాయి కన్సోల్‌లో అయితే గతుక్కుంటూ మునిగేవాళ్ళం." ఆయన మళ్ళీ సెట్టింగుల్లోకి దిగారు. "మబ్బుల అంచులు కాస్త సరిచేస్తాను. ఒక్క నిమిషం."

పిడుగు ఒక్క నిమిషం కూర్చుంది. ఆ నిమిషం ఎంత పొడుగైందంటే తూనికలు కొలతల శాఖవారు వెంటనే దాడి చేయాల్సినంత. తర్వాత అది స్టూలు దిగి వెళ్ళిపోయింది. అన్నగారు గమనించలేదు. పైమూల చూస్తున్నారు.

హాల్లో అమ్మగారు మధ్యాహ్నపు కునుకులో ఉన్నారు. తమ్ముడు పిల్ల మొహం చూశాడు. నిచ్చెన తెచ్చాడు. అటక మీది పెట్టెను చప్పుడు లేకుండా దించి తన గదిలోకి చేర్చాడు. పాత మానిటర్ ఒకటి తుడిచి, వీపు గుమ్మం వైపు వచ్చేలా టేబుల్ మీద నిలబెట్టి, పెట్టెను దానికి తగిలించాడు. ఎదురుగా దేనికీ తగిలించని కీబోర్డు ఒకటి పెట్టాడు. పక్కన ఒక లిఫ్టు తాళాల గుత్తి, రెండు స్క్రూడ్రైవర్లు. ఆట మీటలు టేబుల్ కింద.

"నాన్నలా మొహం పెట్టు పిడుగూ" అన్నాడు.

పిడుగు కనుబొమలు ముడిచింది. పడవ బయల్దేరింది.

అమ్మగారు లేచి ఇల్లంతా ఒక చుట్టు చుట్టివచ్చే అలవాటు ప్రకారం వచ్చి ఆ గుమ్మంలో ఆగిపోయారు. రెండు జతల కనుబొమలు కనిపించాయి.

"ఏం చేస్తున్నావురా చిన్నోడా?"

"పనమ్మా" అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

"మరి పిల్ల?"

"నీళ్ళు తోడుతోంది. అంటే, లిఫ్టు గుంటలోకి నీళ్ళొస్తే ఏం చెయ్యాలో లెక్క వేస్తోంది."

అమ్మగారు మెచ్చుకోలుగా తలాడించారు. వంటింట్లోకి వెళ్ళి, జన్మలో మొదటిసారి, చిన్నోడికి కాఫీ తెచ్చి చప్పుడు కాకుండా పెట్టారు. పిల్లకి పాలు. వెనక్కి నడుస్తూ "ఇన్నాళ్ళకి వీడూ పైకొచ్చాడు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

సాయంత్రానికి మూలగది తలుపు తెరుచుకుంది. అన్నగారు వెలిగిపోతూ బయటికి వచ్చారు.

"పిడుగూ! రా తల్లీ! నీళ్ళు, నీడలు, మబ్బులు అన్నీ కుదిరాయి. ఇంక సర్దడానికి ఏమీ లేదు. ఈసారి తెడ్డు కూడా వేస్తాను!"

"ష్!" అన్నారు అమ్మగారు, వేలు పెదాల మీద పెట్టుకుని. "కదిలించకు. పిల్ల పనిలో ఉంది."

అన్నగారు తమ్ముడి గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు. పిల్ల ఆయన వైపు తిరగలేదు. పడవ ఒడ్డుకి ఇంకా కొంచెం దూరంలో ఉంది.

"ఉండు నాన్నా" అంది. "ఒక్క నిమిషం."

ఆయన ఆ కనుబొమలను పరిశీలనగా చూశారు. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ గర్వంతో ముని వేళ్ళ మీద వెనక్కి నడిచి, తలుపు దగ్గరికి వేసి వచ్చారు. మూలగదిలో పడవ తెడ్డుతో సహా, ఎవరూ లేకుండా, సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మల చొప్పున ఊగుతూనే ఉంది. ఎక్స్‌రే ఇల్లాలు ఆ గదిలోకి ఒకసారి చూసి, భర్త మొహంలోకి ఒకసారి చూసి, తన పనిలోకి వెళ్ళిపోయింది.

ఇది చదువుతూ మీలో కొందరు నవ్వుతున్నట్టు మాకు తెలియవచ్చింది. దయచేసి మానండి, పరువు పోతుంది. కనుబొమలు కాస్త దగ్గరికి తెచ్చుకోండి. గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళయితే కాఫీ పెట్టి వెళతారు. చిన్నవాళ్ళయితే కాసేపు చూసి, వాళ్ళే వెళ్ళిపోతారు.