ఐస్‌లాండ్ వారి సగటు గంగామణి

దూరాన ఉన్న ఒక చల్లని దేశంలో స్థిరపడిన ఐస్‌లాండ్ వలసదారుల సగటు మనిషిగా బతికే పని ఆ మార్చిలో కొత్తవాడలో బీడీలు చుట్టే గంగామణికి వచ్చింది. అదే దేశంలో స్థిరపడిన బల్గేరియా వలసదారుల సగటు మనిషి పని ఆమె పక్కింటి సాయవ్వకు వచ్చింది.

ఈ రెండు సమాజాల్లో ఎవరి సాంఘిక, ఆర్థిక పరిస్థితి మెరుగ్గా ఉందో ఆ దేశపు విశ్వవిద్యాలయం ఒకటి పోల్చి చూస్తోంది. లెక్కలు కట్టడం వరకు వాళ్లే చేసుకున్నారు. అయితే కట్టిన సగటును ఎవరో ఒకరు ఏడాది పాటు బతికి చూపిస్తే తప్ప అది నిజమైన సగటని అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. సగటుగా బతకడానికి అక్కడ మనుషులు దొరకరు. దొరికినా కూలి ఎక్కువ. అందుకని ఆ పనిని బయటికి ఇచ్చారు. అది మూడు చేతులు మారి, నిజామాబాద్ వైపు ఒక మండల కేంద్రంలో, విత్తనాల దుకాణం పైన కొత్తగా తెరిచిన ఆఫీసుకు చేరింది. ఆఫీసులో ఒక బల్ల, ఒక కంప్యూటర్, దేవిదాస్ సారు ఉండేవారు.

దేవిదాస్ సారు మంచివాడు. గట్టిగా మాట్లాడడు. ఆడవాళ్లు వస్తే ఫ్యాను వాళ్ల వైపు తిప్పుతాడు. గంటల తరబడి ఒకేచోట కూర్చోగలిగి, లెక్క తప్పని మనుషులు కావాలని పైనుంచి రాసినప్పుడు, ఆయనకు మొదట బీడీలు చుట్టేవాళ్లే తట్టారు. కార్ఖానాలో చుట్టడానికి ఆకు నెలకు పది రోజులకు మించి ఇవ్వడం లేదు కాబట్టి వాళ్లూ వెంటనే వచ్చారు.

నిబంధనలు రెండు కాగితాలకు మించవు. ఎంపికైన మనిషి ఇంట్లో సగటు కంటే ఏది ఎక్కువ ఉంటే దాన్ని కోస్తారు. ఏది తక్కువ ఉంటే దాన్ని నమోదు చేసుకుంటారు. ఐస్‌లాండ్ వారికి ఇంటికి నాలుగున్నర గదులు. గంగామణికి ఒకటే గది కాబట్టి మూడున్నర గదుల కొరత నమోదైంది. ఐస్‌లాండ్ వారికి సున్నా పాయింట్ ఎనిమిది భర్త. గంగామణి భర్త నడిపి లింబాద్రి మస్కట్‌లో పదకొండు మందితో ఒకే గదిలో ఉంటూ రెండేళ్లకోసారి నలభై రోజులు వస్తాడు. ఆ కొరత కూడా నమోదైంది. లింబాద్రి కూడా వలసదారే కదా అని గంగామణి అడిగితే, మస్కట్‌లో ఉన్నవారిని ఎవరితోనూ పోల్చడం లేదని దేవిదాస్ చెప్పాడు.

సాయవ్వ దగ్గర కోయడానికి ఒక్కటే దొరికింది. బల్గేరియా వారి ఆనందం పదికి ఐదు పాయింట్ తొమ్మిది. సాయవ్వ ఊరికే నవ్వే మనిషి, ఎనిమిది దాకా ఉంటుంది. ఎక్కువైనదాన్ని కోశారు. అప్పటినుంచి ఆమె నవ్వు మొదలై మధ్యలో ఆగిపోయేది. నోరు అలాగే తెరిచి ఉండేది, లోపలి నుంచి ఏమీ వచ్చేది కాదు. అయినా మాటలు మానలేదు.

“నా మొగడు బతికున్నప్పుడు సగమే ఇంట్ల ఉంటుండె పిల్లా,” అంది ఒకరోజు, చాటలో ఆకు సర్దుకుంటూ. “సచ్చినంక వీళ్లు సున్నా పాయింట్ ఏడు మొగడుండాలె అంటున్నరు. సూడు, మన్నుల పోయి గూడ పెరిగిండు!”

గంగామణి పగలబడి నవ్వింది. సాయవ్వ నవ్వు దారిలోనే ఆగింది. ఐస్‌లాండ్ వారి ఆనందం ఏడు పాయింట్ ఎనిమిది కాబట్టి గంగామణికి నవ్వడానికి ఇంకా చాలా చోటుంది.

తప్పు జరిగింది పిల్లల దగ్గర. గంగామణికి ఇద్దరు కూతుళ్లు. రవళికి పన్నెండేళ్లు, సింధూజకు ఎనిమిది. కానీ కాగితం నింపేటప్పుడు పిల్లలెందరని దేవిదాస్ అడిగితే ఆమె ముగ్గురని చెప్పింది. ఇది అబద్ధం కాదు, అలవాటు. కార్ఖానాలో వెయ్యి బీడీలు ఇమ్మంటే వెయ్యే తీసుకుపోయిన మనిషి లేదు. బీడీలు ఏరి చూసే చాటన్ వాడు ఆకు చిరిగిందనో, మొన మడవలేదనో కొన్ని తీసి పారేస్తాడు. అందుకని ప్రతి మనిషీ నాలుగు కట్టలు ఎక్కువ చుట్టి ఇస్తుంది. అవి పోగా సరిగ్గా వెయ్యి మిగులుతాయి. పదహారేళ్లు ఆ పని చేసిన గంగామణి, ఏ బల్ల ముందు నిలబడి ఏ లెక్క చెప్పినా ఒకటి కలిపే చెప్పేది. వాళ్లు ఎలాగూ ఒకటి తీసేస్తారని, తీసేస్తే తన ఇద్దరూ మిగులుతారని అనుకుంది.

దేవిదాస్ ఏమీ తీసేయలేదు. ముగ్గురని రాసుకున్నాడు. ఐస్‌లాండ్ వారికి ఇంటికి ఒకటి పాయింట్ ఆరు పిల్లలు. మూడులోంచి అది పోగా ఎక్కువైంది ఒకటి పాయింట్ నాలుగు. ఏప్రిల్ ఒకటి నుంచి ఆ మేరకు కోశారు. ఉన్న ఇద్దరిలోంచి ఒకటి పాయింట్ నాలుగు పోతే, ఇంట్లో సున్నా పాయింట్ ఆరు పిల్లలు మిగిలారు.

ఒకే పిల్లను పూర్తిగా కోయడం న్యాయం కాదని దేవిదాస్ దాన్ని ఇద్దరికీ సమానంగా పంచాడు. రోజులో ఒక్కొక్కరికీ ఏడు గంటల పన్నెండు నిమిషాలు వచ్చాయి. పొద్దున ఆరింటి నుంచి ఒంటిగంటా పన్నెండు దాకా రవళి ఉండేది. ఒంటిగంటా పన్నెండుకు రవళి ఉన్నచోట సింధూజ ఉండేది. ఎనిమిదీ ఇరవై నాలుగు తర్వాత తెల్లవారేదాకా ఎవరూ ఉండేవారు కాదు. లేనప్పుడు ఎక్కడుంటారని గంగామణి ఇద్దరినీ విడివిడిగా అడిగింది. ఇద్దరికీ ఏమీ తెలియదు. ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నా కదా అనేవారు.

రవళి సగం తిని వదిలేసిన కంచంలో మిగతా సగం సింధూజ తినేది. అక్క చెప్పులు చెల్లెలి కాళ్లకు పెద్దవై, నడిస్తే టపటపమనేవి. శుక్రవారం నాడు లింబాద్రి మస్కట్ నుంచి ఫోన్ చేస్తే ఎవరో ఒక్కరే మాట్లాడేవారు. “ఇద్దరు కొట్లాడుకుంట లేరు గదా, పోనీ, గదే నయం,” అన్నాడు అతను.

బడిలో పంతులమ్మ కొన్నాళ్లు ఇద్దరికీ సగం సగం హాజరు వేసింది. హాజరు పుస్తకం గడిలో సగం పట్టదు. రవళి ఏడో తరగతి, సింధూజ మూడు. చివరికి పంతులమ్మ, ఆఫీసు చెప్పకుండానే, ఇద్దరినీ ఒక్క విద్యార్థిగా ఐదో తరగతిలో కూర్చోబెట్టి పేరు గడిలో ‘గంగామణి బిడ్డ’ అని రాసుకుంది. రవళికి చదివిన పాఠాలే మళ్లీ వచ్చాయి. సింధూజ అందని పాఠాలను గట్టిగా చదివి కంఠస్థం చేసేది.

రోజూ ఒంటిగంటకు గంగామణి చుట్టడం ఆపి బడి గేటు దగ్గర నిలబడేది. ఒకరు పోయి ఒకరు వచ్చే ఆ నిమిషంలో ఎప్పుడో ఒకసారి ఇద్దరూ కలిసి కనబడకపోతారా అని ఆమె ఆశ.

మే నెలలో ఆఫీసుకు వెళ్లింది.

“నాకు ఇద్దరే సారూ. మూడో పోరి లేదు.”

దేవిదాస్ ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. “లేదంటే ఎట్ల గంగామణీ? మార్చిల ఉండె. ఇప్పుడు లేదంటే ఐస్‌లాండోళ్ల పోరి ఒకతె సచ్చిపోయినట్టు లెక్క. వాళ్ల పిల్లల మరణాలు పెరుగుతయి. ఆ దేశమోళ్లు బాధపడరా?”

“సచ్చిపోలే సారూ. పుట్టనే లేదు.”

“అయితే పుట్టలేదని సర్టిఫికెట్ తీసుకురా.”

పుట్టినవాళ్లకు మాత్రమే సర్టిఫికెట్ ఇస్తామని మండల ఆఫీసులో చెప్పారు. సాయవ్వ సాక్ష్యం చెబుతానని మేడెక్కి వచ్చింది. ఒక సమాజం వారు ఇంకో సమాజం వారికి సాక్ష్యం చెబితే పోలిక చెడిపోతుందని దేవిదాస్ ఆమెను పై మెట్టు మీదే ఆపాడు.

“ఏం సమాజం సారూ?” అంది సాయవ్వ. “గోడకు గోడ ఇల్లు మాది. దీని కాన్పులు రెండూ నా చేతుల మీద అయినయి.”

“నువ్వు బల్గేరియా, సాయవ్వా.”

“బల్గేరియోళ్లకు కండ్లుండవా?”

దేవిదాస్ నవ్వాడు. ఆ మాట కాగితం మీద రాసుకోవడానికి గడి లేదన్నాడు.

జూన్‌లో గంగామణి పని మానేస్తానంది. దేవిదాస్ రెండో కాగితం తీసి ఏడో నిబంధన చదివి వినిపించాడు. మధ్యలో మానేస్తే, మానేసిన నిమిషానికి ఇంట్లో ఏది ఎలా ఉందో అది అలాగే ఆగిపోతుంది.

“అంటే?”

“పొద్దున వచ్చి సంతకం పెడితే పెద్దది ఉండిపోతది. మధ్యాహ్నం వస్తే చిన్నది ఉండిపోతది. సూసుకొని రా.” కాగితం మడిచి, ఆమె మీద జాలితోనే, “రాత్రి మాత్రం రాకు,” అన్నాడు.

ఆమె వారం రోజులు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మెట్ల దాకా వెళ్లి తిరిగివచ్చింది. ఎనిమిదో రోజు వెళ్లలేదు.

దేవిదాస్ ఊరుకోలేదు. తప్పు సవరించమని పైకి పదకొండు ఉత్తరాలు రాశాడు. మరుసటి మార్చిలో జవాబు వచ్చింది. ఆయనే కొత్తవాడకు నడిచి వచ్చి, గడపలో నిలబడి చదివాడు. గంగామణికి ఇద్దరు పిల్లలేనని ఒప్పుకుంటున్నారు. సవరణ చేయబడింది. అయితే ఏడాది పాటు ఆమె బతికి చూపించిన దాని ప్రకారం ఐస్‌లాండ్ వారి ఇంటికి పిల్లలు సున్నా పాయింట్ ఆరు అని తేలింది కాబట్టి, ఇక నుంచి అదే సగటు. ఇద్దరిలోంచి అది పోగా ఒకటి పాయింట్ నాలుగు ఎక్కువ ఉంది. ఏడాది నిండినా కోత యథాతథం.

“నా ఇంట్ల మీరు కోసిందే గదా సారూ గది?”

“మేమెక్కడ కోసినం? సగటు ప్రకారం కోసినం. ఇప్పుడు నువ్వే సగటు, గంగామణీ. నీ ఇంటంత కరెక్టుగ ఏ ఇల్లూ లేదట. మెచ్చుకున్నరు.”

ఆ ఉత్తరంతో పాటే పోలిక ఫలితం కూడా వచ్చింది. ఐస్‌లాండ్ వలసదారుల పరిస్థితి బల్గేరియా వారి కంటే స్పష్టంగా మెరుగు. వారి ఇంట్లో గదికి మనుషులు తక్కువ. తల్లికి తీరిక గంటలు ఎక్కువ. ఇంట్లో పిల్లల మధ్య ఏడాదంతా ఒక్క గొడవా నమోదు కాలేదు.

సాయవ్వ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. “నువ్వు నాకన్న బాగున్నవట పిల్లా,” అంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పక్కింట్లో కూర్చుని అన్నం తింటున్నాడు. ఈసారి ఆమె నవ్వడానికి ప్రయత్నించలేదు.

ఏప్రిల్‌లో పోర్చుగల్, లాట్వియా, మాల్టా వలసదారుల సగటు మనుషుల పనులు వచ్చాయి. కార్ఖానాలో ఆకు నెలకు ఆరు రోజులకు తగ్గింది. కొత్తవాడలో ఇరవై రెండు ఇళ్ల ఆడవాళ్లు ఆఫీసు కింద వరుస కట్టారు. గంగామణి ఇంట్లో ఏం జరిగిందో వాళ్లందరికీ తెలుసు. పని మంచిదే, గంగామణి జవాబే తప్పు అని వాళ్ల అభిప్రాయం. గంగామణి కూడా కాదనలేదు. వరుస పక్కన నిలబడి అడిగినవాళ్లకు చెప్పింది.

“ఎందరని చెప్పాలె వదినె?” అని అడిగింది వరుసలో ముందున్న నాగమణెమ్మ. చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఇద్దరు.

“ఎవ్వరు లేరని చెప్పు.”

“ముగ్గురున్నరు గదనే! గట్లెట్ల చెప్తరు, నోట్లెకెళ్లి వస్తదా?”

“ఉన్నరు గనుకనే చెప్పమంటున్న. లేనోళ్లను కోయరు. రాసుకుంటరు, గంతే.”

నాగమణెమ్మ పిల్లలను కింద దుకాణం దగ్గర నిలబెట్టి మెట్లెక్కింది. దిగి వచ్చేటప్పటికి ఆమె లాట్వియా. ఆ రోజు ఇరవై రెండు మంది ఎవ్వరూ లేరని చెప్పారు. దేవిదాస్ ఇరవై రెండు కొరతలు రాసుకున్నాడు. ఒక్క పిల్లా తగ్గలేదు. వాడలో ఆ సాయంత్రం చాలామంది గంగామణి ఇంటికి వచ్చి కూర్చుని పోయారు. ఒకామె బిడ్డను ఆమె ఒళ్లో కూడా పెట్టింది.

అడిగిన ప్రభుత్వ శాఖలకు ఆఫీసు తన లెక్కలు పంపడం మామూలే. జూలైలో బడి గేటుకు ఒక నోటీసు అంటించారు. పంతులమ్మకు వేరే మండలం వేశారు. ఆమె సామాను సర్దుకుంటూ, వాడలో తల్లులకు చదువు రాదు కాబట్టి, నోటీసును ఎవరైనా గట్టిగా చదివి వినిపించమంది. పిల్లలందరిలో గడగడా చదివేది గంగామణి బిడ్డే. తల్లులు, వాళ్ల చంకల్లోనూ కొంగుల వెనకా పిల్లలు, గేటు ముందు గుంపుగా నిలబడ్డారు. ఒంటిగంట దాటింది. గంగామణి కూడా వచ్చింది.

రవళి గేటు ముందుకు వెళ్లి, చేతులు కట్టుకుని, పాఠం చదివినట్టు మొదలుపెట్టింది. శాఖ పేరు చదివింది, సంఖ్య చదివింది, తేదీ చదివింది. “ఈ వాడలో బడి ఈడు పిల్లలు...” అంది.

“...ఎవరూ లేనందున ఈ పాఠశాలను మూసివేయడమైనది,” అంది సింధూజ. ఆమెకు ఆ వరుస అందక మునివేళ్ల మీద నిలబడింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. రెండు గొంతుల మధ్య ఎడం కూడా లేదు. గుంపులో ఎవరూ తల తిప్పలేదు.

“మంచిగ చదివినవ్ బిడ్డా,” అంది పంతులమ్మ.

గంగామణి అందరితో పాటు తల ఊపింది.