తొమ్మిది గంటలకు తీసేసిన పేరు

మంగళవారం పొద్దున మాధురి మూడు పనులు పెట్టుకుంది. తొమ్మిదికి ఆనందరావు లాగిన్ తీసేయడం, పదికి ఉగ్గాని బజ్జీ తినడం, మూడింటికి ఆడిటర్ ముందు ధైర్యంగా కూర్చోవడం. మూడోది సవ్యంగా జరిగితే ఏడాదిన్నర కాంట్రాక్టు ముగిసి ఆమె ఉద్యోగం పర్మినెంట్ అవుతుంది. మొదటిది జరగకపోతే మూడోది జరగదు. రెండోది ఎప్పుడైనా ఫరవాలేదు.

రత్నమ్మ సీడ్స్ అనే ఆ విత్తనాల కంపెనీకి ఆఫీసు నంద్యాలలో, గోదాము ఆళ్లగడ్డలో ఉన్నాయి. మూడో చోటు ఒకటుంది, దాన్ని ఎవరూ చూడలేదు. ఏ పొలంలో ఏ విత్తనం పండింది, ఏ బస్తా పరీక్ష దాటింది, ఏ లారీ ఏ ఊరికి పోవాలి అన్న సమాచారమంతా ఎక్కడో దూరాన అద్దె కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని డేటా వేర్‌హౌస్ అంటారు. దాన్ని కట్టిందీ, కాపలా కాసేదీ మాధురి ఒక్కతే.

యజమాని నరసింహం ఏ పనినైనా ఆఫీసులో అందరికంటే పెద్దవాడి చేత మొదలుపెట్టిస్తాడు. సీజనులో తొలి బస్తా తూచేది ఆనందరావే. అందుకని వేర్‌హౌస్ మొదలైన రోజు కూడా కంప్యూటరుకు కుంకుమ పెట్టి, మొదటి లాగిన్ ఆనందరావు పేరుతోనే చేయించాడు. లోపలికి పోవడానికి కావలసిన ఆరంకెల కోడ్ ఆయన ఫోనుకే వచ్చేది. రోజూ తొమ్మిదికి మాధురి అడిగేది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో అంకె చదివేవాడు. తన చేతి మీదుగా ఆ కోడ్ పడకపోతే కోయిలకుంట్ల చేలల్లో శనగ మొలవదని ఆయన నమ్మకం. అందరూ చాటుగా నవ్వేవారు. ఆరు నెలల కిందట మాధురి తనకు సొంత లాగిన్ చేసుకుంది. అయినా పెద్దాయన నొచ్చుకుంటాడని కోడ్ అడగడం మానలేదు.

నిన్న సాయంత్రం ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చారు. ఇక టైముతో పని లేని మనిషికి గడియారమే ఎందుకిస్తారో ఎవరూ అడగలేదు.

కంపెనీ విడిచిపోయినవాళ్ల లాగిన్ ఒక్కటి కూడా మిగలకూడదని ఆడిటర్ ముందే రాశాడు. సరిగ్గా తొమ్మిదికి మాధురి ఆనందరావు పేరు మీద వేలు పెట్టింది. నిజంగానే తీసేయాలా అని యంత్రం అడిగింది. మనుషులు వెళ్లిపోయేటప్పుడు ఇంత మర్యాదగా ఎవరూ అడగరు. మాధురి అవునని నొక్కింది.

తొమ్మిదీ రెండు నిమిషాలకు వేర్‌హౌస్‌లో రోజూ వాటంతటవే నడిచే పనులు ఆగిపోయాయి. నలభై ఒక్క పనులు. అన్నీ ఆనందరావు పేరు మీదే ఉన్నాయి. మొదట్లో ఆయన లాగిన్‌లో కూర్చునే వాటిని కట్టింది. పేరు తర్వాత మారుద్దాం అనుకుంది. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. పెద్దాయన నమ్మకం అక్షరాలా నిజమని ఆఫీసులో మొదట తెలుసుకున్నది ఆమే.

పొరపాటున తీసేసిన సమాచారాన్ని ఏడు రోజుల లోపు వెనక్కి పిలిచే ఏర్పాటు వేర్‌హౌస్‌లో ఉంది. తీసేసిన మనిషిని వెనక్కి పిలిచే ఏర్పాటు లేదు. అదే పేరుతో మళ్లీ పెడితే, ఈయన వేరే ఆయన అంది యంత్రం. ఇక ఒక్కో పనినీ చేత్తో తన పేరు మీదికి మార్చుకోవాలి. మాధురి ఉగ్గాని సంగతి మరిచిపోయి మొదలుపెట్టింది.

ఆళ్లగడ్డ గోదాములో సూపర్‌వైజరు జీవమ్మ గోడ మీది టీవీ చూసింది. అంతకుముందు అక్కడ ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద కంపెనీలో పనిచేసిన అందరి పేర్లూ ఉండేవి. రిటైరైనా, వేరే ఊరికి పోయినా పేరు కదిలేది కాదు. చనిపోతేనే చెరిపేవాళ్లు. ఆ రోజు దండ వేసి వచ్చేదాకా గోదాము నుంచి ఒక్క బస్తా బయటికి పోదు. బల్ల తీసి టీవీ పెట్టినప్పుడు ఈ ఆచారం మాధురికి ఎవరూ చెప్పలేదు. లాగిన్ పుడితే పేరు వచ్చేలా, లాగిన్ పోతే పేరు పోయేలా ఆమె కట్టేసింది. టీవీ వచ్చాక కంపెనీ విడిచిన మొదటి మనిషి ఆనందరావు.

ఈ పొద్దు టీవీలో లారీల జాబితా ఖాళీగా ఉంది. కింద పేర్ల వరసలో ఆనందరావు లేడు. జీవమ్మ ఫోను తీసింది.

"పాపా, పెద్దాయన పేరు లేదేందీ?"

"తీసేసినానక్కా, పొద్దున తొమ్మిదికి." మాధురి ఒక చేత్తో కీలు నొక్కుతూనే ఉంది. పదకొండో పని మొరాయిస్తోంది.

"అయ్యో సామీ! నిన్న శాలువా కప్పుకోని బాగనే ఉండెగదమ్మా! సారుకు తెలుసునా?"

"ఇంకా చెప్పలేదక్కా. ఏం మొగం పెట్టుకోని చెప్పాల? అంతా నా వల్లనే."

"నీ వల్ల ఏందమ్మా, పిచ్చిదానా! ఏడ్వాకు. మేం వస్తాండాం."

మాధురికి కొంత ధైర్యం వచ్చింది. జీవమ్మ ఆళ్లగడ్డ నుంచి వచ్చి వేర్‌హౌస్‌కు ఏం చేస్తుందో మాత్రం తట్టలేదు.

శనగ విత్తనం ఎత్తడానికి ఆరు లారీలు షట్టరు ముందు నిలబడి ఉన్నాయి. ముందు లారీ డ్రైవరు శేఖర్ కిందికి దిగాడు.

"అక్కా, కోయిలకుంట్లలో రైతులు కాసుకోని ఉండారు. చేలో విత్తే పదును, ఆ తడి ఆరిపోతాంది. బస్తాలు ఎయ్యనీ."

"మనిషి పోయినపొద్దు విత్తనం పోతాదా బయటికి? టీవీలో నీ లారీ నంబరు ఉందా చూడు. ఆఫీసోళ్లే ఆపినారు. మాట్లాడకుండా ఈ దండ పట్టుకో."

నలుగురు హమాలీలు, శేఖర్, జీవమ్మ, ఒక పెద్ద బంతిపూల దండ నంద్యాల బస్సెక్కారు. దండకు టికెట్ అడగలేదు గానీ సీటు మాత్రం ఇచ్చారు.

నంద్యాలలో ఆనందరావు ఇంటికి తాళం వేసి ఉంది. ఫోను స్విచాఫ్. పక్కింటి శివమ్మ గేటు దగ్గరికి వచ్చింది.

"తెల్లార్తోనే కారొచ్చింది. ముందు సీటు వెనక్కి వంచి పండుకోబెట్టుకోని పోయినారు."

"పలికినాడా?"

"నేను రెండుసార్లు పిలిస్తి. పలకలా."

ముప్పై ఆరేళ్ల తర్వాత పొద్దున్నే నిద్ర లేవనక్కరలేని మొదటి రోజు అది. ఇంటివాళ్లతో కారులో యాగంటి గుడికి చేరేదాకా ఆయన కళ్లు తెరవలేదు. శివమ్మకు ఆ సంగతి తెలియదు. హమాలీలు తలగుడ్డలు తీశారు.

నలభై ఒకటో పని మూడింటికి పది నిమిషాల ముందు మాధురి పేరు మీదికి వచ్చింది. ఆళ్లగడ్డ టీవీలో ఆరు లారీల నంబర్లూ వెలిగాయి. చూడటానికి జీవమ్మ అక్కడ లేదు. మూడింటికి ఆడిటర్ విజయభాస్కర్ వచ్చి కూర్చున్నాడు. ఆయన వెనకే దండ వచ్చింది. దండ వెనక జీవమ్మ, ఆమె వెనక కండువాతో కళ్లొత్తుకుంటూ నరసింహం వచ్చారు.

"నా చిన్నప్పట్నుంచి చూస్తాండా ఆయన్ను," అన్నాడు నరసింహం. "నిన్న గడియారమిచ్చి పంపితిమి. ఒక్కపొద్దన్నా చూసుకోలేదే దాన్ని."

"ఎవరి గురించి సార్?" అంది మాధురి.

"ఎవరి గురించా? తీసేసినానని నువ్వే చెప్తివిగదా పాపా!" అంది జీవమ్మ.

ఏది తీసిందో మాధురి చెప్పబోయేలోగా గుమ్మంలో ఆనందరావు కనిపించాడు. నుదుట విభూతి, చేతిలో ప్రసాదం పొట్లం. దండను చూసి ఎవరిదని అడిగాడు. జీవమ్మ దాన్ని వెనక్కి దాచింది. ఆయన మాధురి వైపు తిరిగాడు.

"ఏమ్మా, గుడిలో ఫోను ఆపేసింటి. ఈపొద్దు కోడ్ ఎట్ల తీసుకుంటివో ఏమోనని కొండ దిగి నేరుగా ఈడికే వస్తి. ఎందుకు అడగలా?"

మాధురి తలదించుకుంది. నరసింహం ఆయన్ను కావలించుకుని ఏడ్చాడు. ఎందుకో తెలియకపోయినా ఆనందరావు కూడా ఏడ్చాడు. జీవమ్మ మాత్రం ఏడవలేదు.

"బతికుండే మనిషి పేరు చెరిపితే కీడు. ఆ పేరు మళ్లీ టీవీలో కనపడేదాకా నా షట్టరు లేయదు."

"లాగిన్ ఉంటేనే పేరు వస్తుందక్కా. విడదీసి కట్టాలంటే రెండు రోజులు పడతాది."

"పదునుకు రెండు గంటలే ఉండేది పాపా," అన్నాడు శేఖర్.

"ఉద్యోగంలో లేని మనిషికి లాగిన్ ఇస్తే మీరు తప్పినట్టు రాస్తాను," అన్నాడు ఆడిటర్, పెన్ను మూత తీస్తూ.

మాధురి అటూ ఇటూ చూసింది. లాగిన్ పెడితే ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే లారీలు కదలవు.

"అయితే ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకుంటాండా," అన్నాడు నరసింహం.

"ఎప్పటినుంచి?"

"ఇప్పట్నుంచే. అన్నా, చేర్తావా?"

"గడియారం యాడ తగిలించాల్నో చోటే దొరకలేదు నాయనా. చేర్తా," అన్నాడు ఆనందరావు.

ఆడిటర్ రాసుకుని మాధురి వైపు చూశాడు. "ఒక్క పేరు తీస్తే అంతా ఆగిపోయిందంటున్నారు. అంత అధికారం ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనే సార్."

"మీరు పర్మినెంటేనా?"

"కాదు సార్. కాంట్రాక్టు."

"అది చాలా ప్రమాదం. ఇంత అధికారం కాంట్రాక్టు మనిషి దగ్గర ఉండకూడదు. ఈ రోజే పర్మినెంట్ చేయండి, లేదంటే సంతకం పెట్టను."

నరసింహం అక్కడికక్కడే కాగితం రాసిచ్చాడు. మూడూ నలభైకి మాధురి కొత్త లాగిన్ చేసింది. కోడ్ ఆనందరావు ఫోనుకు వెళ్లింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో అంకె చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. జీవమ్మ ఫోను చేస్తే ఆళ్లగడ్డలో మిగిలిన హమాలీలు షట్టరు లేపారు. తెచ్చిన దండ వెనక్కి పోకూడదని జీవమ్మ దాన్ని మాధురి కంప్యూటరుకు వేసి పోయింది.

శాలువాను ఆనందరావు దగ్గరే ఉండనిచ్చారు. గోడ గడియారాన్ని మాత్రం ఆఫీసు వెనక్కి తీసుకుంది, మళ్లీ రిటైరైనప్పుడు ఇవ్వాలి గనక.