ఎదురింటికి ఎనిమిది వందల కిలోమీటర్లు

ఆలస్యంగా వచ్చే పార్సిల్ చేసినంత మేలు మనిషికి కన్నతల్లి కూడా చేయదు. నవ్వకండి! నేను పూర్తి స్పృహలో ఉండే ఈ మాట అంటున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఒక పెద్ద సరుకు రవాణా కంపెనీలో కస్టమర్ కేర్ కుర్చీలో ఆరేళ్లుగా కూర్చుంటున్నాను. పార్సిల్ రాలేదని రోజుకు ఎనభై మంది నన్ను తిడతారు. పాపం, తమకు జరుగుతున్న మేలేమిటో వాళ్లకు తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి కదా? ఎడిటర్ గారు, "రాయండి, కానీ బుధవారం సాయంత్రానికి కాగితాలు నా బల్ల మీద ఉండాలి" అన్నారు. "మీకెందుకండీ బెంగ, మాది రవాణా కంపెనీ!" అన్నాను.

ముందు కాస్త చరిత్ర చెప్పాలి.

మా కంపెనీని స్థాపించిన పెద్దాయనకు మొదట్లో ఉన్నది ఒక్క తోపుడుబండి. ఇప్పుడది హెడ్డాఫీసులో అద్దాల పెట్టెలో ఉంది. ముట్టుకుంటే సెక్యూరిటీవాళ్లు అరుస్తారు. ఆ బండి మీద ట్రంకుపెట్టె ఎక్కిస్తే, పొయ్యి మీద నీళ్లు మరిగేలోపు వీధి చివరి ఇంటికి చేర్చేవాడట. చూడండి ఎంత వెనకబడిన రోజులో! తర్వాత ఒక లారీ కొన్నాడు, సరుకు పూటలో చేరేది. వంద లారీలయ్యేసరికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు నాలుగు వేల లారీలు, పదకొండు రోజులు. ఇదీ అభివృద్ధి అంటే! ఒక్క బండితో వేళకు చేరడం ఎవడైనా చేస్తాడు. ఇంత ఆలస్యం చేయాలంటే మాత్రం ఒక వ్యవస్థ కావాలి.

ఆ వ్యవస్థ పేరు హబ్బు, అంటే అన్ని ఊళ్ల సరుకూ కలిపి పంచే చోటు. ఏ ఊళ్లో ఎక్కిన పార్సిలైనా ముందు హబ్బుకు వెళ్లి మొహం చూపించాలి. మా హబ్బు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. మీరు ఎదురింటి పిన్నిగారికి ఒక సూదుల డబ్బా పంపారనుకోండి. అది నాలుగు వందల కిలోమీటర్లు వెళ్లి, మరో నాలుగు వందలు తిరిగొచ్చి, మీ గుమ్మం ముందు నుంచే ఎదురింట్లోకి వెళ్తుంది. "కిటికీలోంచి విసిరితే పోయేది కదా" అంటారు మీరు. విసిరితే అది సూదుల డబ్బాగానే మిగిలిపోతుంది. మేం తిప్పితే లోకం చూసొచ్చిన సూదుల డబ్బా అవుతుంది!

లాభాలకు లెక్కే లేదు. ఒక పెద్దమ్మగారు మోకాళ్ల నొప్పులకు నూనె తెప్పించుకున్నారు. అది వచ్చిందేమోనని రోజుకు నాలుగుసార్లు మెట్లు దిగి గేటు దాకా నడిచారు. సీసా వచ్చేనాటికి నొప్పి లేదు! ఒక లెక్కల మాస్టారు వానాకాలంలో గొడుగు అడిగితే ఎండాకాలంలో అందింది. గొడుగు ఎండకూ పనికొస్తుందన్న సంగతి లెక్కల మాస్టారికి నేర్పింది ఎవరు? మేమే.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మా ఇంట్లోనే జరిగింది. సొంత డబ్బా అనుకోకుండా వినండి.

మా నాన్న ఇదే కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్లు హమాలీగా పనిచేశాడు. ఊరి నుంచి బయటికి వెళ్లే సరుకు ఎక్కించే గోడౌన్ ఆయనది. లక్షల పెట్టెలు ఎత్తాడు గానీ, ఆయన పేరు మీద ఒక్క పార్సిల్ కూడా ఎన్నడూ రాలేదు. బరువులు మోసీ మోసీ పాదాలు చేటల్లా వెడల్పయ్యాయి, కొట్లో దొరికే బూట్లేవీ పట్టవు. మొన్న పదవీ విరమణ సభ పెట్టారు. ఛైర్మన్ గారి చేతుల మీదుగా షీల్డు. ఆ రోజు నాన్న స్టేజీ మీదికి రబ్బరు చెప్పులతో ఎక్కకూడదని పట్టుబట్టి, బూట్లు కుట్టే మేస్త్రితో ఆయన కొలతకు ఒక జత కుట్టించాను.

మేస్త్రి కొట్టు మా ఇంటికి రెండు వీధుల అవతలే. సంకలో పెట్టుకుని తెచ్చేయొచ్చు. కానీ కంపెనీ ఉప్పు తింటున్నవాణ్ని! ఒక్కసారైనా మా గుమ్మంలో యూనిఫాం వేసుకున్న మనిషి నిలబడి నాన్న పేరు బిగ్గరగా పిలవాలని నా ఆశ. సభకు పన్నెండు రోజుల ముందే మా కంపెనీలోనే బుక్ చేశాను.

మర్నాడు ఆ పెట్టె నాన్న చేతికే వచ్చింది. లారీకి ఎక్కించబోతూ పేరు చూసి ఆగాడట. సూపర్‌వైజర్ కూడా చూశాడు.

"బాబాయ్, నీ పేరే కదా! పట్టుకుపో. నేను చూడలేదులే."

"తప్పు కదయ్యా. గోడౌన్‌లో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని రూలు."

"రూలు జనానికి బాబాయ్. ఇది నీదే!"

"నాదే అయితే నా ఇంటికి రానీ. మా ఆవిడ సంతకం పెట్టి తీసుకోవాలి. ఆవిణ్ని ఎవరు సంతకం అడిగారు ఇన్నాళ్లూ?"

ఇలా అని నాన్న తన బూట్లను తన చేతులతోనే లారీ ఎక్కించి నాలుగు వందల కిలోమీటర్ల అవతలికి సాగనంపాడు.

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు ఇల్లు కాదు, కంట్రోల్ రూమ్! నా ఫోన్‌లో ట్రాకింగ్ తెరిచి ముగ్గురం తలలు ఆనించుకుని కూర్చునేవాళ్లం. గడప దాటని మా అమ్మకు ఇప్పుడు ఏ హబ్బు తర్వాత ఏ హబ్బు వస్తుందో కంఠతా వచ్చు. మూడో రోజు బూట్లు పొరపాటున సముద్రం ఒడ్డున ఉన్న ఇంకో హబ్బుకు వెళ్లాయి. "పోనీలే, సముద్రం చూసొస్తాయి" అంది అమ్మ. చదువు లేని మనిషికి ఇంత భూగోళం ఏ బడి నేర్పుతుంది?

సభకు రెండు రోజుల ముందు పెట్టె తిరిగొచ్చి, ఊరవతల సరుకు దిగే గోడౌన్ చేరింది. 'డెలివరీకి బయలుదేరింది' అని మెసేజ్ వచ్చింది. అమ్మ ఉతికిన చీర కట్టుకుని, పెన్ను పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. అన్నానికి లేస్తే, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నాన్నను కాపలా పెట్టింది. సందు మలుపు దాకా వ్యాన్ వచ్చిందట. చీకటి పడబోతుండగా ఇంకో మెసేజ్ వచ్చింది. 'చిరునామాలో ఎవరూ లేరు. పార్సిల్ హబ్బుకు వాపసు పంపడమైనది.'

"ఎవరూ లేరా?" అమ్మ పెన్ను మూత పెట్టింది. "పొద్దున్నుంచీ కూర్చున్నదాన్ని, నేను మనిషిలా కనబడలేదేంట్రా వాళ్లకి?"

"సిస్టమ్‌లో అలా పడుతుందమ్మా" అన్నాను. నిజమే చెప్పాను.

సభ బ్రహ్మాండంగా జరిగింది. ఛైర్మన్ గారు తోపుడుబండి పెద్దాయనకు మనవడు. 'మాట ఇస్తే వేళకు చేర్చడమే మా వంశాచారం' అని నలభై నిమిషాలు మాట్లాడారు. అంతకు ముందు గంటన్నర ఆలస్యంగా వచ్చారనుకోండి, అది వేరే సంగతి. నాన్న తీగతో కుట్టిన రబ్బరు చెప్పులతోనే స్టేజీ ఎక్కాడు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తి, ఒకసారి కిందికి చూసి, "మోకాళ్ల దాకా చాల్లెండి" అన్నాడు.

కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక నాన్న షీల్డు తిప్పి చూశాడు. చేతికొచ్చిన ప్రతిదాన్నీ తిప్పి చూడటం ఆయనకు అలవాటు. అడుగున ఒక చిన్న స్టిక్కర్ ఉంది. 'అర్జెంట్. సభ ముందురోజే చేర్చవలెను.' మాది కాదు. మా పోటీ కంపెనీది!

నాన్న అటూ ఇటూ చూసి, బొటనవేలి గోరుతో ఆ స్టిక్కర్‌ని మెల్లగా ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఎవరైనా చూస్తే మన కంపెనీ పరువేం కాను?"

సోమవారం పొద్దున నా హెడ్‌ఫోన్‌లో ఒక కాల్ మోగింది. మా కాల్స్ అన్నీ రికార్డవుతాయి. స్క్రిప్టు దాటి ఒక్క ముక్క మాట్లాడినా మెమో ఇస్తారు.

"నమస్కారం సర్, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"ఒరేయ్, నేనురా."

"చెప్పండి సర్. దయచేసి మీ ట్రాకింగ్ నంబర్..."

అవతల నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, నంబరు కంటికి ఆనడం లేదండి. అట్టపెట్టె. ఎడమ మూల కొంచెం నొక్కుకుంది. క్యాబిన్ వైపు రెండో వరసలో నేనే పెట్టానండి. నలగకుండా పైన బట్టల మూట కూడా పెట్టాను."

"మీ పార్సిల్ దారిలో ఉంది సర్."

"దారిలోనే ఉంటుందయ్యా. ఏ దారిలో?"

"మీ సహనానికి ధన్యవాదాలు సర్."

"సరే... అన్నం తిన్నావా?"

ఇది మా స్క్రిప్టులో లేని ప్రశ్న. ఫోన్ పెట్టేశాను.

బూట్లు వచ్చాయి. రాకుండా ఎక్కడికి పోతాయి? బుక్ చేసిన పంతొమ్మిదో రోజున వచ్చాయి. అమ్మ కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. నాన్న పెట్టె నాలుగు పక్కలా తడిమి, "బాగానే సర్దారురా ఎవరో" అని మెచ్చుకున్నాడు. కొలత సరిగ్గా సరిపోయింది. వేసుకుని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. వెళ్లాల్సిన చోటంటూ ఏమీ లేకపోయేసరికి విప్పి, తుడిచి, మళ్లీ పెట్టెలోనే పెట్టాడు.

కాబట్టి ఆలస్యం వల్ల నష్టమేమీ లేదని రుజువైంది కదా? ఈ మాటే అంటూ ఇందాక వ్యాసం ముగించి, మా కంపెనీలో బుక్ చేద్దామని కవరు మీద చిరునామా రాస్తున్నాను. నాన్న వచ్చి కవరు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"ఎప్పటికి చేరాలి?"

"ఇవాళ సాయంత్రానికి."

"ఎక్కడికి?"

"పత్రికాఫీసుకి. నడిస్తే ఇరవై నిమిషాలు."

నాన్న లోపలికి వెళ్లి బూట్ల పెట్టె తెరిచాడు. ఈ నాలుగు ముక్కలూ నేను చేరుస్తుంటే, గుమ్మంలో కూర్చుని లేసులు కట్టుకుంటున్నాడు. "కానీయ్‌రా, కవరు అంటించు" అని తొందరపెడుతున్నాడు.

ఎడిటర్ గారూ, ఇది తెచ్చిన మనిషి మిమ్మల్ని సంతకం అడుగుతాడు. పెట్టేదాకా కదలడు, కాబట్టి పెట్టేయండి. పెట్టాక ఒక్క క్షణం ఆయన కాళ్ల వైపు చూడండి.