కమిషనర్ గారు ‘ఓవర్’ అనలేదు

ఫోన్ వచ్చేసరికి నేను పెనం మీద పాన్‌కేక్ తిప్పుతున్నాను. మా ఆయన ఓరిన్ ఫోన్ పెట్టేసి నన్ను ఎత్తి తిప్పడం మొదలుపెట్టాడు.

"హీలియం ఖర్చు కౌంటీదేనట!"

పాన్‌కేక్ మాడింది. అయినా తియ్యగానే ఉంది. కొత్త కాపురం కదా!

మా కౌంటీ పాలన చూసే కమిషనర్ వెర్నన్ హోల్మ్‌గ్రెన్ గారు ఆ ఉదయమే ప్రకటన ఇచ్చారు: "నెబ్రాస్కాలో అంతరిక్షంలోకి అడుగుపెట్టిన తొలి కౌంటీ మనదే." అడుగంటే మా హామ్ రేడియో క్లబ్బు బెలూను, దానికి వేలాడే థర్మాకోల్ పెట్టె. పైన బెలూను పగిలాక పెట్టె పారాచూట్ మీద దిగుతూ, తానెక్కడుందో రేడియోలో చెబుతూ ఉంటుంది. అది విని మేం కార్లలో వెంటపడి తెచ్చుకుంటాం. ఓరిన్ తన పెళ్ళి ఉంగరం కూడా అందులో పెట్టాడు.

"ఆకాశం చూసొచ్చిన ఉంగరం ఎవరి మొగుడికుంది, చెప్పు?"

నిజమే, ఎవరికీ లేదు.

మొక్కజొన్న చేను పక్కన బెలూను వదిలి కారెక్కాం. ఓరిన్ నడుపుతుంటే, పక్కసీట్లో కమిషనర్ గారు రేడియో మైకు అందుకున్నారు.

"ఏ చానల్లో మాట్లాడమంటావు?"

"పెట్టె చానల్ తప్ప ఏదైనా సార్."

"అందరూ వినేది ఏది?"

"పెట్టె చానలే సార్."

"మరింకేం!" అని అందులోనే మొదలుపెట్టారు.

ఎంత గొప్ప ప్రసంగం! రోడ్లు, వంతెనలు, వాళ్ళ నాన్నగారి ట్రాక్టరు. మా క్లబ్బువాళ్ళు మర్యాదస్తులు. మాట్లాడేవాడు ముగించి ‘ఓవర్’ అనేదాకా ఎవరూ మైకు నొక్కరు. ఆయన అనలేదు.

వెనకసీట్లోంచి ఓరిన్ మేనత్త గ్రేటా గొణిగింది. "ఆపమనరా! పెట్టె దిగిపోతోంది."

"మధ్యలో ఎలా అత్తా? పైగా హీలియం ఆయనది."

పెట్టె పాపం దారంతా తన జాడ చెప్పుకునే ఉంటుంది. ఒక చానల్లో ఒకసారికి ఒక్క గొంతే పడుతుంది కాబట్టి మాకు ట్రాక్టరు గేర్‌బాక్సే వినపడింది.

చివరికి "ఓవర్" అన్నారు. చానల్లో చీమ చిటుక్కుమనలేదు. పెట్టె ఏ మొక్కజొన్నలోనో పడింది. నేలమీద నుంచి దాని గొంతు అంతదూరం రాదు.

సాయంత్రం క్లబ్బులో అందరం చిల్లీలో, అదే మా బీన్సూ మాంసం కూరలో, తియ్యటి దాల్చినచెక్క రోల్స్ ముంచుకుంటున్నాం. ఓరిన్ మాత్రం బోసివేలు రుద్దుకుంటున్నాడు. కమిషనర్ గారు భుజం తట్టారు.

"అలాంటి పెట్టె ఇంకోటుందా నాయనా?"

"ఉంది సార్."

"గాలి మారుతుందా?"

"రేపు కూడా ఇదే గాలి సార్."

"అయితే రేపు దాన్నీ అక్కడే వదలండి. ఇది పడ్డ దగ్గరే అదీ పడుతుంది. రెండూ కలిపి తెచ్చుకోండి!"

క్లబ్బంతా లేచి నిలబడింది. ఈ మాట శాస్త్రీయంగా కూడా సరైనదే! గ్రేటా కళ్ళు తుడుచుకుంది. నేను ఆనందం పట్టలేక నా ఉంగరం తీసి రెండో పెట్టెలో వేశాను. రెండూ జంటగా వస్తాయి కదా!

రేపు పొద్దున్నే బెలూను వదులుతున్నాం. వెంటపడే కార్లవాళ్ళకు విసుగు పుట్టకుండా, దారిపొడవునా రేడియోలో తానే మాట్లాడతానని కమిషనర్ గారు ప్రకటించారు.