జానెడు ఎడమకి

ఒక పెద్ద అడవిలో గూళ్లకీ గుహలకీ కరువు లేదు గానీ, ఏది కావాలన్నా ఆఫీసు గడప తొక్కాల్సిందే. అక్కడ కంప్యూటర్ తెర మీద అడవి పటం ఉండేది. ఏ బొరియ మీద బాణం పెట్టి మౌస్ నొక్కితే, ఆ బొరియ అడిగినవాళ్ల పేరున రాసేసినట్టే. ఆఫీసరు అడవిదున్న గంభీరయ్య. మౌస్ నొక్కేది కొండముచ్చు చిదంబరం.

ఒకనాడు ఆఫీసుకి సామాన్లమ్మే నక్క వచ్చి, "పక్క అడవి ఆఫీసరు గారికి రెండు తెరలున్నాయండీ," అంది.

గంభీరయ్యకి ఆ పూట మేత సహించలేదు. సాయంత్రానికల్లా రెండో తెర దిగింది.

మర్నాడు నిండు చూలాలు కుందేలు సీతాలు వచ్చింది. "బాబ్బాబు, వానలొచ్చేస్తున్నాయి. నేరేడు చెట్టు కింద బొరియ ఇప్పించండి."

చిదంబరం బాణాన్ని సరిగ్గా నేరేడు చెట్టు కింద పెట్టి నొక్కాడు. నొక్కు మాత్రం జానెడు ఎడమకి పడింది. సీతాలుకి చెరువు మధ్య తామరాకు మంజూరైంది.

"మునిగిపోతాను బాబూ!"

"ఒకసారి నొక్కాక మార్చడానికి లేదమ్మా. ఈత నేర్చుకో," అన్నాడు గంభీరయ్య.

ఆ వారం ఎలుగుబంటికి వడ్రంగిపిట్ట తొర్ర వచ్చింది. ముళ్లపందికి కోతులతో ఉమ్మడి కాపురం వచ్చింది. అడవంతా గగ్గోలు.

తప్పు మౌస్‌దేమోనని ఎలుకల పెద్దని పిలిపించి సంజాయిషీ అడిగారు. "పేరొక్కటే కలిసిందయ్యా, అది మా వంశం కాదు!" అని అది లబోదిబోమంది.

చివరికి చిదంబరం తల గోక్కుంటూ, "రెండో తెర పెట్టినప్పటి నుంచే అయ్యా ఇదంతా. బాణం మనకి కనిపించేది ఒకచోట, ఉందని కంప్యూటర్ అనుకునేది ఇంకోచోట. ఆ తెర తీసేస్తే సరి," అన్నాడు.

"తీసేస్తే, తెప్పించినవాడికి బుర్ర లేదని ఒప్పుకున్నట్టు కాదూ? నువ్వే జానెడు కుడికి పెట్టి నొక్కు!"

అలా నొక్కితే సరిగ్గానే పడింది. దాంతో ఇద్దరికీ ఒక తెలివి పుట్టింది. అరటిగెల తెచ్చినవాళ్లకి చిదంబరం జానెడు కుడికి జరిపి నొక్కేవాడు. ఉత్త చేతులతో వచ్చినవాళ్లకి బాణం ఎక్కడుంటే అక్కడే నొక్కేవాడు. పళ్లు చిదంబరానివి, తొక్కలు గంభీరయ్యవి.

సీతాలుకి అరటిగెల ఎక్కడిది? ఆఫీసు అరుగు మీదే ముడుచుకు పడుకుని, కనిపించిన ప్రతివాడికీ దండం పెట్టేది.

అరటిగెలలవాళ్లు పొగడగా ఆఫీసు పేరు విని, మెచ్చుకోవడానికి మృగరాజు సింహమే వచ్చింది. బహుమానంగా మూడో తెర తెచ్చింది. దాన్ని బిగించాక, సీతాలు దండం పెట్టి మొర చెప్పుకుంది. చుట్టూ జనాన్ని చూసి సింహానికి దయ పొంగుకొచ్చింది.

"అందరూ చూస్తుండగా ఈ పేదరాలికి నేరేడు చెట్టు బొరియ ఇవ్వండి! నా ఎదుట పడిన నొక్కుకి తిరుగు లేదు!"

చిదంబరం అలవాటుగా జానెడు కుడికి జరిపి నొక్కాడు. మూడో తెర వచ్చాక లెక్క మారింది. నొక్కు ఎగిరి కొండ మీద పడింది. సింహం గుహ సీతాలు పేరున మంజూరైంది.

జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి. "మా రాజు ఎంత త్యాగమూర్తి!"

సింహం మీసం కింద నుంచి, "మార్చరా," అని గొణిగింది.

కంగారులో గంభీరయ్య నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. "ఒకసారి నొక్కాక మార్చడానికి లేదమ్మా!"

"అమ్మా? నేనా? పోనీ, నాకు ఇంకో గుహ రాయి!"

చిదంబరం మళ్లీ నొక్కాడు. సింహానికి గిజిగాడి గూడు వచ్చింది.

"గాలి బాగా ఆడుతుంది మహారాజా," అంది మూడో తెర బిగించడానికి వచ్చిన నక్క.

ఆ గూట్లో సింహం ముక్కు మాత్రమే పట్టింది. అంతలో వాన మొదలైంది. సింహం గర్జించి, ఆఫీసరునీ కొండముచ్చునీ బయటికి గెంటి, ఆఫీసులోనే పడక వేసుకుంది. వాళ్లిద్దరూ చూరు కింద తడుస్తూ, తప్పు నీదంటే నీదని తిట్టుకున్నారు.

కొండ మీద గుహలో సీతాలు ప్రసవించింది. పిల్లలు వెచ్చగా, పొడిగా, సింహం పరుచుకున్న ఎండుగడ్డి మీద నిద్రపోయాయి.

నీతి: బీదవాడికి న్యాయం జరగాలంటే, పెద్దవాళ్ల గురి తప్పాలి.